అరిగిపోయిన దుఃఖం

బస్సు రంగంపేట దాటిందో లేదో, మూడో వరసలో కూర్చున్న మగమనిషి భోరుమని ఏడవడం మొదలెట్టాడు.

యాభై ఏళ్ళు పైబడ్డ మనిషి. మెడలో తువ్వాలు, ఒళ్ళో కడియం నర్సరీలో కొన్న జామమొక్క. సువార్తమ్మ ఈ కాకినాడ-రాజమండ్రి రూట్లోనే కండక్టరుగా తల నెరిపించుకుంది. బస్సులో ఏడ్చేవాళ్ళు ఆమెకి కొత్త కాదు. తాగి ఏడ్చేవాళ్ళుంటారు, కోర్టు నుంచి వస్తూ ఏడ్చేవాళ్ళుంటారు, అత్తారింటికి వెళుతూ ఏడ్చే కొత్తపెళ్ళికూతుళ్ళు సరేసరి. కానీ ఇలా జామమొక్కని గుండెలకి హత్తుకుని, చుట్టూ ఉన్నవాళ్ళంటే లెక్కలేకుండా ఏడ్చిన మగాణ్ణి చూడలేదు. టికెట్ మిషను చంకలో పెట్టుకుని దగ్గరికి వెళ్ళింది.

"ఏమైంది బాబూ? ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా?"

"అబ్బే, అందరూ బానే ఉన్నారండి." అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎవరో కుర్రాడు పోయాడండి. ఎవరో నాకూ తెలీదండి. వాళ్ళ అక్క పాడిందండి. మా నాన్న పోయినప్పుడు నాకు చుక్క కన్నీరు రాలేదండి, ఊరంతా అదోలా చూశారు. ఇప్పుడు ఆయనక్కూడా కలిపి ఏడ్చేస్తన్నాను."

అంటూనే చెవి వెనకనుంచి మినపగింజంత నల్లటి పూస తీసి ఆమెకి అందించబోయాడు. "మీరూ ఓసారి పెట్టుకోండమ్మా. ఏడ్చాక గుండె తేలికవుద్ది."

సువార్తమ్మ పూస తీసుకోలేదు. అతను చెప్పిన కుర్రాడు ఆమె కడుపున పుట్టినవాడు. పాడిన అక్క ఆమె కూతురు. ఆ సంగతి చెబితే అతను కాళ్ళమీద పడతాడేమోనని భయమేసింది. ఈ మధ్య ఒకరిద్దరు అలాగే పడ్డారు మరి.

"పెద్దాపురం దిగేవాళ్ళు ముందుకి రండి" అని అరిచింది. గొంతు మామూలుగానే వచ్చింది. డ్యూటీలో ఉన్నప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ మామూలుగానే వస్తుంది.

*

కెజియా పాట గురించి చెప్పాలంటే తిమోతిని వదిలేసి చెప్పడం కుదరదు.

జగన్నాథపురంలో వాళ్ళది మేడమీద రెండుగదుల వాటా. కెజియా డిగ్రీలో ఉండగా, ఇంటర్ ఫెయిలైన తమ్ముడు తిమోతి నులకమంచం నిలువుగా నిలబెట్టి, దానికి మూడువైపులా బొంతలు కట్టి, "అక్కా, ఇదిగో నీ స్టూడియో" అన్నాడు. ఫ్యాను తిరిగితే రొద వస్తుందని కట్టేసేవాడు. మే నెలలో ఆ బొంతల మధ్య కూర్చుని అక్క పాడుతుంటే, తమ్ముడు ఫోను పట్టుకుని చెమటలు కక్కేవాడు. పాటలు అక్కే రాసేది. తమ్ముడు వాటిని ఇంటర్నెట్లో పెట్టేవాడు.

మొదట్లో ఎవడూ వినలేదు. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు కదా, చుట్టాలు కూడా వినలేదు. వినకపోగా, "దేవుడిచ్చిన గొంతు పెట్టుకుని ఈ పాటలేంటమ్మా" అని పాస్టరమ్మగారు బుగ్గలు నొక్కుకున్నారు.

తరవాత 'లాస్ట్ బస్సు' వచ్చింది. అది అమ్మ బస్సు మీద కట్టిన అల్లరిపాట. తిమోతి సంచిలో ఫోను దాచి, సువార్తమ్మ వేసే ఈలనీ, "రైట్ రైట్" అనే కేకనీ రికార్డు చేసి పాట మధ్యలో పెట్టేశాడు. ఆ ఈలకి ఆంధ్రదేశమంతా గంతులేసింది. పిల్లలు బళ్ళో వేశారు, పెళ్ళిళ్ళలో ముసలాళ్ళు వేశారు. డిపోలో మేనేజరు సువార్తమ్మని పిలిచి సంజాయిషీ అడగబోయి, ముందు ఒక సెల్ఫీ అడిగాడు. హైదరాబాదు నుంచి కంపెనీలవాళ్ళు ఫోన్లు చేశారు. కెజియా అందరికీ ఒకటే చెప్పింది: "మా తమ్ముడే నా కంపెనీ అండి."

ఆ ఏడు వానాకాలంలో తిమోతికి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. వారం తిరక్కుండానే ఆ పిల్లాణ్ణి చర్చి వెనక సమాధుల దొడ్డిలో పెట్టి వచ్చారు. ఇరవై నిండలేదు.

కెజియా బొంతలు విప్పేసింది. మంచం మామూలుగా వేసేసింది. "అక్కా, కొత్త పాట ఎప్పుడు?" అని లక్షమంది అడుగుతున్నా ఫోను వైపు చూడలేదు. తల్లి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని, తమ్ముడి చెప్పులు పక్కన పెట్టుకుని ఉండేది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉండేవి. సువార్తమ్మ యూనిఫారం కూడా మార్చుకోకుండా పక్కన చతికిలబడేది. ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు. చెప్పుకుంటే చోద్యంగా ఉంటుంది గానీ, ఆ ఏడుపు ఆ ఇంటికి అన్నంలా ఉండేది. అదే వాళ్ళిద్దర్నీ బతికించింది.

*

అలాంటప్పుడు వాళ్ళింటి మెట్లెక్కి వచ్చింది డాక్టర్ వకుళ. విశాఖపట్నంలో మెదడు మీద పరిశోధన చేసే మనిషి. పొట్టిజుట్టు, నలిగిన కాటన్ చీర, మాటకి ముందు "అంటే" అనే అలవాటు.

తల్లీకూతుళ్ళని ఒకరోజు తన ల్యాబుకి తీసుకెళ్ళింది. అక్కడ మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. పక్షవాతంతో మాట పడిపోయింది. ఆయన మెడ వెనక తెల్లటి పట్టీ ఒకటి అంటించి ఉంది. ఏదో మూలుగుతున్నాడు. వకుళ సువార్తమ్మ చెవి వెనక ఒక పూస పెట్టింది.

సువార్తమ్మకి ఉన్నట్టుండి ఊపిరాడనట్టయింది. గాలికోసం, వెలుతురుకోసం ప్రాణం కొట్టుకుంది. "ఆ కిటికీ తెరవండమ్మా! ఈయనకి కిటికీ తెరవాలి" అంది. తెరిచారు. ముసలాయన మూలుగు ఆపి, కళ్ళు మూసుకుని, హాయిగా గాలి పీల్చుకున్నాడు. పక్కనున్న ఆయన భార్య పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. పాపం, ఆవిడ ఎన్నాళ్ళనుంచో ఆయనకి దాహమనుకుని నీళ్ళు పడుతోంది.

"అంటే, ఇంతేనండి" అంది వకుళ. "గొంతులోంచి శబ్దం వచ్చేటప్పుడు మనసులో ఏం కదులుతోందో పట్టీ పట్టుకుంటుంది. పూస దాన్ని వినేవాళ్ళకి చేరేస్తుంది. కానీ కొత్తగా ఏదీ తెచ్చిపెట్టదు. వినేవాళ్ళలో అలాంటిదే ఏదుంటే దాన్ని అంటిస్తుంది. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు. రోగుల దగ్గర పనిచేస్తోంది. పాటలో పనిచేస్తుందో లేదో చూడాలి. కెజియా పాటలు విన్నాను. అందుకే వచ్చాను."

"ఏం పాడమంటారు?" అంది కెజియా.

"మీ మనసులో ఏది ఎక్కువగా ఉంటే అది."

కెజియా తల్లి వైపు చూసింది. "తిమ్ము గురించి పాడతానమ్మా. వాడు ఎలాంటివాడో అందరికీ తెలియాలి కదా" అంది. కొడుకు పోయాక కూతురు నోట పాట అనే మాట రావడం అదే మొదటిసారి. సువార్తమ్మ కాదంటుందా! ఆ క్షణాన పట్టీ బదులు పాముని మెడలో వేస్తామన్నా సరేననేదేమో.

అలవాటు పడటానికని వకుళ ఒక పట్టీ ఇచ్చి పంపింది. రికార్డింగుకి ఇంకా నెల టైముంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. సువార్తమ్మ ఆదివారాల్లో చర్చి క్వయర్ నడిపిస్తుంది. శనివారం సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చినవాళ్ళెవరికీ పాట కుదిరేదాకా టీ ఇవ్వదు. "పాట నోటికి రావడం కాదర్రా గొప్ప, ఒంటికి పట్టాలి" అంటుంది. ఒక్క చరణం కోసం సంఘపెద్ద మెట్లపూడి అబ్రహాం గారిని కూడా నిలబెట్టి చీకటిపడేదాకా పాడించిన ఘనత ఆవిడది. కెజియా ఆ చేతికింద పెరిగిన పిల్ల. పాట ఒకసారి పాడి వదిలెయ్యడం ఆ ఇంటా వంటా లేదు.

మళ్ళీ మంచం నిలబడింది, బొంతలు కట్టారు. కెజియా పాట రాసింది.

*నీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయిరా,*
*ఎక్కడికెళ్ళావు వట్టి కాళ్ళతో?*

పట్టీ మెడ వెనక ఉంటే చర్మం కాస్త లాగుతుంది. అది లేకుండా సాధన చేసి, తీరా ఆ రోజున పెట్టుకుంటే గొంతు ఎక్కడ బిగుస్తుందోనని కెజియా రోజూ పట్టీ పెట్టుకునే పాడింది. పొద్దున్న పాడింది, సాయంత్రం పాడింది. పాడిన ప్రతిసారీ ఏడ్చింది. సువార్తమ్మ వంటింట్లో చేపలు కడుగుతూ చెవి అటే వేసి వినేది. "రెండో చరణంలో ఊపిరి అందట్లేదే, ఇంకోసారి పాడు" అనేది. "ఇప్పుడు బాగుంది, కానీ ఇంకోసారి" అనేది. పిల్ల పాడేది.

ఆఖరి వారంలో కెజియా ఏడవకుండా పాడగలిగింది. ఎక్కడా వణుకు లేదు, బెణుకు లేదు. "ఇదిగో, ఇప్పుడు ఒంటికి పట్టింది" అని సువార్తమ్మ సంతోషించింది. కూతురు గుండె గట్టిపడిందని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

వకుళకి మాత్రం రికార్డింగు రోజున వచ్చింది సరిపోలేదు. ఎంత పాడినా, మనసు కదలికని కొలిచే మరలో గీత పలచగానే వచ్చింది. "ఇంట్లో మొదట్లో పాడినవి ఒకటి రెండు పట్టీలో నిలవ ఉంటాయి, అంటే, వాటిలోంచి తీసుకోనా?" అని అడిగింది. మొదటిరోజు బొంతల మధ్య వెక్కుతూ పాడిన పాటే లోకానికి వెళ్ళింది.

అది ఎంతదూరం వెళ్ళిందో చెప్పక్కర్లేదు. భాష రానివాళ్ళు కూడా విన్నారు. ఆ పాట కోసమే పూసలు కొన్నారు. ఆసుపత్రుల్లో విన్నారు, జైళ్ళలో విన్నారు. ఏళ్ళ తరబడి ఏడవలేకపోయిన వాళ్ళు ఏడ్చారు. కెజియా బొమ్మ ఏ ఊళ్ళో చూసినా కనపడేది.

*

తిమోతి పోయి ఏడాదైన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మేడమీద షామియానా వేశారు. పాస్టరుగారు వాక్యం చెప్పాక, ఇంటివాళ్ళు లేచి పోయినవాళ్ళ గురించి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. కెజియా లేచింది. అందరూ రుమాళ్ళు తీసుకున్నారు.

"మా తమ్ముడు తిమోతి చాలా మంచివాడు. నా పాటలన్నీ వాడే రికార్డు చేసేవాడు. వాడికి పులసంటే ఇష్టం. వాడు లేని లోటు మాకు తీరనిది" అని చెప్పి కూర్చుంది.

తప్పేం లేదు. ఒక్క మాట అబద్ధం లేదు. రేడియోలో వార్తలు చదివే అమ్మాయి కూడా అంతే శుభ్రంగా చెబుతుంది. ఆ తరవాత వడ్డించేటప్పుడు కెజియా పులుసు రుచి చూసి, "కొంచెం ఉప్పు తగ్గిందే అమ్మా" అంది. అది పులస పులుసు. ఆ రోజు దాని వాసనకే సువార్తమ్మ రెండుసార్లు వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

జనం వెళ్ళిపోయాక తల్లి అడిగింది. "ఏమే, ఒంట్లో బాగోలేదా?"

కెజియా వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తరవాత మెల్లగా అంది. "అమ్మా, నాకేం రావట్లేదే."

"ఏం రావట్లేదు?"

"తిమ్ము తలుచుకుంటే ఏం రావట్లేదు. మొహం గుర్తొస్తోంది. మాటలన్నీ గుర్తొస్తున్నాయి. మంచానికి బొంతలు కట్టడం, ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకోవడం, అన్నీ. కానీ పక్కింటోళ్ళ అబ్బాయి గురించి అనుకున్నట్టుంది. పాటలో అలిసిపోయానేమో, తగ్గుద్దిలే అనుకున్నాను. ఆరునెల్లయ్యింది. ఇవాళన్నా వస్తదనుకున్నాను." ఆ పిల్ల మొహంలో ఏడుపు లేదు. భయం మాత్రం ఉంది. "వాడంటే నాకు ఇష్టమే కదమ్మా? ఇష్టమనే గుర్తు."



*

మర్నాడే విశాఖపట్నం బయల్దేరారు. వకుళ కెజియాని మరలో పెట్టి చూసింది. తమ్ముడి ఫోటోలు చూపించింది, వీడియోలు చూపించింది. తెరమీద గీత బల్లపరుపుగా ఉండిపోయింది. వకుళ తెర ఆపేసి ఇటు తిరిగింది.

"రికార్డింగుకి ముందు ఎన్నిసార్లు పాడారు?" అని అడిగింది.

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్ని ముద్దలు తిన్నారని అడిగినట్టుంది వాళ్ళకి.

"రోజూనండి. పొద్దున్నా సాయంత్రం కూర్చునేది" అంది సువార్తమ్మ.

"ప్రతిసారీ పట్టీతోనేనా?"

"పట్టీతోనే."

వకుళ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "నేను అడగలేదు. అసలు తోచలేదు. మా రోగులు ఒకసారి గొంతు విప్పడమే గొప్ప. పట్టీ పెట్టి, ఒకసారి తీసుకుని, తీసేస్తాం. అంటే..." ఆ మాట దగ్గర ఆగిపోయింది. మళ్ళీ తనే సర్దుకుని చెప్పింది. "పట్టీ ఊరికే చూసి రాసుకోదు. కొంచెం తీసుకుంటుంది. పాల మీద మీగడ తీసినట్టు. ఒకసారి తీస్తే నాలుగైదు రోజుల్లో మళ్ళీ కడుతుంది. ఎవరికీ తేడా తెలియదు. మీరు కట్టనివ్వకుండా రోజూ తీశారు. మీగడ అయిపోయాక పాలు కూడా తీసేశారు. ఇప్పుడు గిన్నె ఉంది."

"మళ్ళీ కడుతుందా అండి?" అంది కెజియా.

"కట్టడానికి కింద కొంచెమన్నా ఉండాలి తల్లీ."

సువార్తమ్మ చెవుల్లో తన గొంతే వినపడింది. బాగుంది, కానీ ఇంకోసారి. చేపలు కడుగుతూ, కొత్తిమీర తరుగుతూ, తన చేతులారా కూతురి గుండెని గీకి గీకి ఖాళీ చేయించింది. ఆ పిల్ల ఏడుపు ఆగిన రోజున స్తోత్రం కూడా చెప్పింది. ఇంతకంటే పెద్ద పొరపాటు ఏ తల్లి చేసి ఉంటుంది?

"ఆ పాట దాని దగ్గర్నుంచే వెళ్ళింది కదా డాక్టరుగారూ. దానికే వినిపించండి. దానిది దానికి తిరిగి ఇచ్చెయ్యండి" అంది.

వినిపించారు. చెవి వెనక పూస పెట్టుకుని కెజియా తన పాట తనే విన్నది. ల్యాబులో పనిచేసేవాళ్ళు అలవాటుగా మొహాలు పక్కకి తిప్పుకున్నారు. కెజియా శ్రద్ధగా, తల పంకిస్తూ వింది. అయిపోయాక పూస తీసేసింది.

"ఎవరో అమ్మాయి పాపం బాగా ఏడుస్తోంది" అంది. "తమ్ముడంటే ఎంత ఇష్టమో."

వకుళ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. వెలిగించడానికి అక్కడ వత్తి లేదని ఆవిడకి ముందే తెలుసు. తెలిసి కూడా ఆశపడింది. ఆ పాటని వెనక్కి తీసుకోవాలని ఆవిడ తరవాత చాలా తిరిగింది. కానీ పారబోసిన నీళ్ళు ఎత్తగలమా! అప్పటికి అది ఊరూరా, ఫోను ఫోనులోనూ ఉంది.

*

సువార్తమ్మ ఊరుకోలేదు. ఊరుకునే మనిషైతే ఆ రూట్లో అన్నేళ్ళు కండక్టరు ఉద్యోగం చేసేది కాదు.

"నా దగ్గరుంది కదా" అంది వకుళతో. "వాడు నాక్కూడా కొడుకే కదా. నేను పాడతాను, అది వింటుంది. నాకు పట్టీ పెట్టండి."

వకుళ వద్దంది. పోనీ అంది. ఒక్కసారే అంది. పక్కనే నిలబడి, అయిన వెంటనే తీసేస్తానంది. అలాగే ఒప్పుకున్నారు.

సువార్తమ్మ పాడింది. అది పాట కాదు. తిమోతి పసివాడుగా ఉన్నప్పుడు, డ్యూటీకి ఆలస్యమవుతోందని వాణ్ణి ఉయ్యాల్లో గబగబా ఊపుతూ తీసిన కూనిరాగం. దానికి మాటలు కూడా సరిగా లేవు. ఆ రాగం తీస్తుంటే ఆమె కళ్ళముందు ఉయ్యాల ఒక్కటే కాదు, పెట్టె కూడా కనపడింది. పెట్టె మూత వేసేటప్పుడు తను అడ్డం పడితే నలుగురు కలిసి పక్కకి లాగడం కనపడింది. అయినా రాగం ఆపలేదు.

ఎదురుగా పూస పెట్టుకుని కూర్చున్న కెజియాకి కళ్ళు నిండాయి. తరవాత ఆ పిల్ల కుర్చీలోంచి జారి, తల్లి మోకాళ్ళు పట్టుకుని, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆరునెల్ల తరవాత ఏడ్చింది. సువార్తమ్మ ఆ తలని రెండు చేతుల్తో ఒళ్ళో అదుముకుంది. "వచ్చిందా అమ్మా? వచ్చిందా నా తల్లీ? తిమ్ము వచ్చాడా?" అంటూ తనూ ఏడ్చింది. వకుళ వెంటనే పట్టీ తీసేసింది.

కెజియా వెక్కిళ్ళు తగ్గడానికి చాలాసేపు పట్టింది. పూస తీసి అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

"అమ్మా" అంది. "నేను ఏడ్చింది తిమ్ము కోసం కాదే."

"మరి?"

"నీ కోసం. నువ్వు పాడుతుంటే, నువ్వు పోతే నేనేమైపోతానో అనిపించింది. అదొక్కటే వచ్చింది. అది నాలో ఉంది కాబట్టి అదే అంటుకుంది. వాడి చోటు అలాగే ఉంది."

సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "పర్లేదే, ఇంకో నాలుగు రోజులాగి మళ్ళీ పాడతాను. వేరే రాగం పాడతాను. ఏదో ఒకటి తగలకపోదు" అంది.

"వద్దు." కెజియా పట్టీని వకుళ చేతిలోంచి లాక్కుంది. దాన్ని మెలితిప్పి, తెంపి, చెత్తబుట్టలో పడేసింది. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల ఆ రోజు తల్లిమీద అరిచింది. "నీకేమన్నా పిచ్చా? నేను పోగొట్టుకున్నాను సరే. నువ్వు కూడా పోగొట్టుకుంటే వాడికి ఈ లోకంలో ఎవరున్నారమ్మా? వాడి కోసం ఏడవడానికి నువ్వన్నా ఉండవా?"

ఆ తరవాత నాలుగైదు రోజులు సువార్తమ్మకి లోపలంతా పలచగా, వెలితిగా ఉంది. కొడుకు ఫోటో ముందు నిలబడితే దూరంగా ఉన్నట్టనిపించేది. ఆ నాలుగు రోజుల్లో ఆమెకి కూతురి బతుకు ఎలా ఉందో తెలిసొచ్చింది. అయిదోరోజు బస్సులో పెద్దాపురం దగ్గర ఒక కుర్రాడు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్లు తిన్నాడు. వాడి మెడ వెనక పుట్టుమచ్చ ఉంది. అచ్చు తిమోతికున్న చోటే. ఆమె గుండెలో ఎవరో చెయ్యిపెట్టి పిండినట్టయింది. టాపు కడ్డీ పట్టుకుని, నొప్పికి కళ్ళు మూసుకుని, "వచ్చావురా నాన్నా" అనుకుంది. నొప్పి వచ్చినందుకు సంతోషించిన మనిషిని మీరెక్కడన్నా చూశారా?

*

కెజియా తరవాత కూడా పాటలు కట్టింది. పట్టీ మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. కానీ లోకం మారిపోయింది. "పూసలో ఏం రావట్లేదక్కా" అని అడిగారు. మామూలు పాటని మామూలు చెవితో వినే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. కొత్త పాటలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. జనానికి ఆ ఒక్క పాటే కావాలి. సభల్లో అదే పాడించేవాళ్ళు. కింద కూర్చున్నవాళ్ళంతా పూసలు పెట్టుకుని, పాత వెక్కిళ్ళు లోపల వింటూ ఏడ్చేవాళ్ళు. పైన నిలబడ్డ పిల్ల కళ్ళు పొడిగా ఉన్నాయని ఎవరూ గమనించలేదు. గమనించేది మొదటివరసలో కూర్చున్న తల్లి ఒక్కతే.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. ఊళ్ళో క్రైస్తవులంతా పొద్దున్నే సమాధులకి సున్నాలు వేసి, బంతిపూలు కట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. సువార్తమ్మ చీపురు పట్టుకుని ఆకులు ఊడ్చింది. కెజియా చీర దోపుకుని, బకెట్లో సున్నం కలిపి, తమ్ముడి సమాధికి ఓపిగ్గా రెండు పూతలు వేసింది. పేరు రాసిన అక్షరాల్లో సున్నం పడితే గోటితో తీసేసింది. ఎంత శ్రద్ధగా చేసిందంటే, చూసినవాళ్ళు "అక్కంటే ఇలా ఉండాలి" అనుకున్నారు. సువార్తమ్మకి తెలుసు, ఇష్టం ఉండాల్సిన చోట ఆ పిల్ల పనితనం పెట్టి పూడుస్తోందని.

కొవ్వొత్తులు వెలిగించేవేళకి గేటు బయట జనం పోగయ్యారు. పాట విన్నవాళ్ళు. రావులపాలెం నుంచి, తుని నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కొవ్వొత్తి. కాపలాదారు ఆపలేకపోయాడు. వాళ్ళు వరసగా వచ్చి, తాము ఎన్నడూ చూడని కుర్రాడి సమాధి మీద కొవ్వొత్తులు పెట్టి, సొంత తమ్ముడు పోయినట్టు ఏడ్చారు.

"అక్కా, ఒక్కసారి పాడవా, ఇక్కడ" అంది ఒకమ్మాయి.

కెజియా తల్లివైపు చూసింది. సువార్తమ్మ అవుననలేదు, కాదనలేదు. కెజియా సున్నం చేతులు పమిటకి తుడుచుకుని, సమాధి పక్కన నిలబడి, మైకు లేకుండా పాడింది. గాలికి గొంతు ఎక్కడా చెదరలేదు. వచ్చినవాళ్ళు పూసలు పెట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మెట్లపూడి అబ్రహాం గారంతటి మనిషి గోడకి తల ఆనించుకున్నారు. ఆ దొడ్డి మొత్తంలో కళ్ళు తడవని మనిషి పాడుతున్న పిల్ల ఒక్కతే.

పాట అయిపోయింది. కెజియా తల్లి దగ్గరికి వచ్చి, చెవిలో మెల్లగా అడిగింది.

"అమ్మా, రెండో చరణం కొంచెం పైకి పోయిందా?"

"లేదమ్మా" అంది సువార్తమ్మ. "సరిగ్గానే పాడావు."

ఆ మాట అనేసరికి ఇన్నాళ్ళూ డ్యూటీ గొంతుతో ఆపుకున్నదంతా ఒక్కసారి తెగింది. ఆమె సమాధి అంచున కూలబడి, తలకొట్టుకుని ఏడ్చింది. కెజియా కంగారుగా పక్కన కూర్చుని, తల్లిని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది.

"తిమ్ము గుర్తొచ్చాడా అమ్మా?"

సువార్తమ్మ అవునని తల ఊపింది. అందులో సగమే నిజం. ఆ సాయంత్రం ఆమె ఇద్దరు బిడ్డల కోసం ఏడ్చింది. ఆ ఇద్దరిలో ఒక బిడ్డ పమిటచెంగుతో ఆమె కళ్ళు తుడుస్తూ పక్కనే కూర్చుంది.